ముప్పై అయిదు మిల్లీమీటర్లు: మా పాత మారుతీ 800 సస్పెన్షన్‌కు ఆటోనగర్‌లో చేయించిన భాగాలు

మా నాన్నగారు 1996లో కొన్న మారుతీ 800ను దాని మామూలు ఎత్తునుంచి 35 మి.మీ. కిందికి దించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. అందులో దించడానికి పట్టింది ఒక ఆదివారం మాత్రమే. మిగిలిన కాలమంతా, దించడం వల్ల పక్కకు జరిగిన ప్రతి కోణాన్నీ మళ్ళీ దాని చోటికి తెచ్చే భాగాలను ఆలోచించడానికీ, కొలవడానికీ, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద తిప్పించడానికీ, ఒకసారి తప్పు చేసి మళ్ళీ చేయించడానికీ సరిపోయింది. ఇదే పని తలపెట్టేవారికి ఉపయోగపడుతుందని ఆ వివరాలన్నీ రాస్తున్నాను.

మొదటి ప్రయత్నం గురించి చెప్పక తప్పదు. కారు కొంచెం కిందికి ఉంటే మలుపుల్లో నిలకడగా ఉంటుందన్న ఆశతో నాలుగేళ్ళ క్రితం ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాను. వాళ్ళు ముందు స్ప్రింగులను విప్పి, ఒక్కో చుట్టును గ్యాస్ కట్టర్‌తో కోసి, గంటన్నరలో కారును నా చేతికి ఇచ్చేశారు. చూడటానికి బాగానే ఉంది. వారం తిరగకుండానే ఏలూరు రోడ్డులో ఒక ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ దిగుతున్నప్పుడు ముందు ఎడమ చక్రం గాలిలో వేలాడినంతసేపు స్ప్రింగు వదులై, తన సీటులోంచి పక్కకు జరిగి, చక్రం నేలను తాకగానే పెద్ద చప్పుడుతో మళ్ళీ లోపలికి దూకింది. విప్పి చూస్తే కోసిన చివర దగ్గర ఉక్కు నీలంగా మారి ఉంది. మంట తగిలిన చోట స్ప్రింగు ఉక్కు తన పదును కోల్పోతుంది. అక్కడ అది ఇక స్ప్రింగు కాదు, మామూలు కడ్డీ.

చుట్టు కోస్తే ఎత్తు ఒక్కటే తగ్గుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. స్ప్రింగు గట్టితనం తీగ మందం నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది, చుట్టు వ్యాసం మూడో ఘాతాన్ని అనుసరించి తగ్గుతుంది, పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. నా కారు స్ప్రింగులో తీగ 10 మి.మీ., చుట్టు మధ్య వ్యాసం 100 మి.మీ., పనిచేసే చుట్లు అయిదు. ఈ లెక్కన దాన్ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి సుమారు 20 న్యూటన్లు కావాలి. ఒక చుట్టు తీసేస్తే అది 25 అవుతుంది. అంటే పాతిక శాతం గట్టిపడిన స్ప్రింగు మీద, పాత షాక్ అబ్జార్బరుతో, పాత బంప్ స్టాపుతో (సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు దెబ్బను ఆపే రబ్బరు దిమ్మతో), సగం తగ్గిపోయిన కదలికతో కారు నడుస్తుందన్నమాట. బంప్ స్టాప్ రబ్బరు మాటిమాటికీ తగులుతుంటే కారు నిలకడగా ఉండదు సరికదా, ప్రతి గుంతకూ గెంతుతుంది.

అప్పుడు కారును కొంతకాలం పక్కన పెట్టి మొదటినుంచీ కొలతలు తీసుకున్నాను. ఈ కారు ముందు భాగంలో ఒక్కో చక్రానికి మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ కలిసి ఉన్న నిలువు కాలు), చక్రాన్ని కింది వైపు బాడీకి కలిపే ఒక లోయర్ ఆర్మ్ ఉంటాయి. ఆ ఆర్మును ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచే పని రెండు వైపులనూ కలిపే అడ్డ కడ్డీ, అంటే స్టెబిలైజర్ బారే చేస్తుంది. వెనక ఒక గట్టి యాక్సిల్, దాన్ని ముందుకు పట్టి ఉంచే రెండు ట్రెయిలింగ్ ఆర్ములు, పక్కలకు జరగకుండా ఆపే ఒక లాటరల్ రాడ్, రెండు కాయిల్ స్ప్రింగులు. ఎంత దించాలి అన్న ప్రశ్నకు జవాబు నాకు లోయర్ ఆర్మ్ దగ్గర దొరికింది. కంపెనీ ఎత్తులో ఆర్మ్ బయటి చివర, అంటే చక్రం వైపు బాల్ జాయింట్ ఉన్న చివర, లోపలి చివరకంటే 30 మి.మీ. కిందికి ఉంది. కారు దిగుతున్నకొద్దీ ఆ వాలు తగ్గి, ఆర్మ్ సమంగా వస్తుంది. ఇంకా దించితే బయటి చివర పైకి లేస్తుంది. అక్కడినుంచే చిక్కు మొదలవుతుంది. ఎందుకంటే ఇలాంటి స్ట్రట్ సస్పెన్షన్‌లో కారు దిగినదానికంటే దాని రోల్ సెంటర్, అంటే మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, ఎక్కువ దిగిపోతుంది. బరువు కేంద్రానికీ ఆ బిందువుకూ మధ్య దూరం పెరిగి, అదే స్ప్రింగుల మీద కారు మునుపటికంటే ఎక్కువగా ఒరుగుతుంది. నేలకు ఆనించినట్టు దించిన కార్లు చూపుకు ఎంత అందంగా ఉన్నా మలుపులో ఎందుకు తూలుతాయో నాకు అప్పుడు అర్థమైంది. అందుకే ఆర్మ్ దాదాపు సమంగా ఆగే 35 మి.మీ. దగ్గరే నేనూ ఆగాను.

రెండో హద్దు మన రోడ్లది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం, 10 సెంటీమీటర్ల ఎత్తు గల గుండ్రటి దిబ్బ. 800 ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2175 మి.మీ. కాబట్టి కారు సరిగ్గా ఆ దిబ్బ నడుమ ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ దిబ్బ మీదే ఉంటాయి. కారు పొట్ట కిందికి దిబ్బ పొడుచుకు వచ్చేది 35 మి.మీ. మాత్రమే. అదే మా కాలనీలో ఎవరింటి ముందు వాళ్ళు సిమెంటుతో పోసుకున్న జానెడు వెడల్పు గట్టు అయితే, దాని పది సెంటీమీటర్లూ పూర్తిగా పొట్ట కిందికే వస్తాయి. దించాక నా కారు సైలెన్సర్ పైపు కింద 130 మి.మీ. మిగిలింది. నలుగురు మనుషులు కూర్చుంటే అది ఇంకా తగ్గుతుంది. ఇంతకుమించి దించితే విజయవాడలో తిరగడానికి కాదు, ఇంటి ముందు పెట్టుకుని చూసుకోవడానికే పనికొస్తుంది.

ఎత్తు నిర్ణయమయ్యాక ముందు స్ట్రట్‌కు మరలున్న స్లీవ్, అంటే ట్యూబు మీద ఎక్కే తొడుగు, చేయించాలనుకున్నాను. స్ప్రింగు కూర్చునే పళ్ళెం స్ట్రట్ ట్యూబుకు వెల్డింగ్ అయి ఉంటుంది. దాన్ని కోసి కిందికి జరిపి మళ్ళీ వెల్డింగ్ చేసేవాళ్ళు ఉన్నారు. లోపల ఆయిలూ గ్యాసూ నిండి ఉన్న షాక్ మీద వెల్డింగ్ పెట్టడం ప్రాణాలతో చెలగాటం. ఆ వేడికి సీలు పాడవుతుంది, ఒత్తిడికి ట్యూబు పేలవచ్చు కూడా. అందుకని పళ్ళేన్ని నీళ్ళు పోస్తూ నెమ్మదిగా హ్యాక్‌సాతో కోయించి, ట్యూబు చుట్టూ పాత వెల్డింగ్ కట్టును 3 మి.మీ. మేర అంచులా మిగల్చమన్నాను. ఆ అంచు మీద అల్యూమినియం స్లీవ్ కూర్చుంటుంది, స్లీవ్ బయటి మరల మీద కాలర్ నట్టు తిరుగుతుంది, నట్టు మీద పళ్ళెం, పళ్ళెం మీద స్ప్రింగు. స్ట్రట్ మీద ఎక్కడా నిప్పు పడదు. కోసి తీసిన పాత పళ్ళేలకే విడిగా కొత్త రింగులు వెల్డింగ్ చేయించి వాడుకున్నాను. స్ప్రింగు చివర ఆనుకునే మెట్టు వాటిలో కంపెనీ ఇచ్చినట్టే ఉంది కదా.

ఆ స్లీవులు తిప్పిన టర్నరు బాబాయ్ అరవై దాటినవారు. నా కాగితం మీద స్లీవు లోపలి వ్యాసం ట్యూబుకంటే 0.2 మి.మీ. ఎక్కువ అని రాసి ఉంది. ఆయన ఆ కాగితాన్ని లేత్ పక్కనున్న ట్యూబ్‌లైటు దగ్గరకు తీసుకెళ్ళి చూసి, "బాబూ, మర అరగంటలో కొట్టేస్తా. కానీ అల్యూమినియం లోపల ఇనప గొట్టం, బయట వానాకాలం. ఈ రెండు పాయింట్ల లూజుతో ఎక్కిస్తే వచ్చే ఏడాది సుత్తితో కొట్టినా ఊడదు" అన్నారు. "మరి వదులు పెంచితే కదిలి చప్పుడు చేస్తుంది కదా బాబాయ్" అన్నాను. దానికి ఆయన చెప్పిన మార్గం నాకు తట్టనిది. వదులు 0.4 మి.మీ. ఉంచి, లోపల పైనా కిందా రెండు గాడులు తీసి, వాటిలో ఓ-రింగులు అనే గుండ్రటి రబ్బరు రింగులు పెట్టి, మధ్యలో గ్రీజు పూయమన్నారు. రబ్బరు స్లీవును నడిమధ్యలో పట్టి ఉంచుతుంది, గ్రీజు తుప్పును రానివ్వదు.

మర కోయడం నేను పక్కనే నిలబడి చూశాను. 2 మి.మీ. పిచ్‌కు (మర గీతకూ గీతకూ మధ్య దూరానికి) గేరు చక్రాలు మార్చి, ముందు ఉలిని లోహానికి ఆనీ ఆనకుండా ఒక గీత మాత్రం గీయించి, స్కేలు పెట్టి పది గీతలకు 20 మి.మీ. వచ్చిందో లేదో చూసుకున్నాకే అసలు కోత మొదలుపెట్టారు. ప్రతి కోతకూ కిరోసిన్‌లో ముంచిన కుంచెతో ఒకసారి తుడుస్తున్నారు. తెల్లటి అల్యూమినియం చుట్టలు చుట్టుకుంటూ ట్రేలోకి రాలింది. ఆఖరి మూడు కోతలు వెంట్రుకవాసి లోతుకు మించలేదు. కాలర్ నట్టును చేతితో తిప్పి ఎక్కిస్తే మొదటినుంచి చివరిదాకా ఒకే బిగువుతో దిగింది. ఒక చుట్టు తిప్పితే కారు 2 మి.మీ. లేస్తుంది లేదా దిగుతుంది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎడమా కుడీ ఎత్తులు సరిచేసుకోగలుగుతున్నానంటే ఆయన చేతి చలవే.

స్ప్రింగులు మాత్రం కొత్తగా చుట్టించాలి. 11 మి.మీ. సిలికో మాంగనీసు ఉక్కు కడ్డీతో, అదే 100 మి.మీ. వ్యాసంతో, పనిచేసే చుట్లు అయిదున్నర పెడితే మిల్లీమీటరుకు సుమారు 26 న్యూటన్లు వస్తుంది. తీగ ఒక్క మిల్లీమీటరు లావైతే గట్టితనం 46 శాతం పెరుగుతుంది కాబట్టి చుట్లు అర పెంచి దాన్ని సరిచేసుకోవలసి వచ్చింది. ముందు చక్రం ఒక్కొక్కదాని స్ప్రింగు మీద పడే బరువు నా కొలతలో 170 కిలోలు. పాత స్ప్రింగు దానికి 83 మి.మీ. అణిగేది, కొత్తది 64 మాత్రమే అణుగుతుంది. కారు మళ్ళీ మళ్ళీ ఊగే వేగం సెకనుకు 1.7 నుంచి దాదాపు 2కు పెరిగింది. గుంతలు కొంచెం ఎక్కువగా తెలుస్తాయి, తప్పదు. కొలిమిలో ఎర్రగా కాల్చి చుట్టి, నూనెలో ముంచి పదును పెట్టి, తిరిగి తగుమాత్రం వేడి చేసి పెళుసుదనం తీసిన తరువాత, స్ప్రింగును ప్రెస్సులో చుట్టుకు చుట్టు తగిలేదాకా నాలుగయిదు సార్లు నొక్కించాలి. ఇది చాలామంది వదిలేస్తారు. నొక్కకుండా బిగిస్తే ఆ కుంగడం కారు కిందే జరుగుతుంది, నెల తిరిగేసరికి ఒక పక్క వాలి ఉంటుంది. నొక్కించిన తరువాత ఒక్కోదాన్ని 50 మి.మీ. నొక్కి ఎంత బరువు తూగుతుందో చూశాం. లెక్క ప్రకారం 134 కిలోలు రావాలి. ఒకటి 132, ఇంకొకటి 135 వచ్చాయి. నాకు అంతకంటే ఏం కావాలి!

ఇక మొదటి ప్రయత్నంనాటి ప్రమాదం, అంటే చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులవడం, మళ్ళీ రాకూడదు. చక్రం పూర్తిగా కిందికి జారితే కొత్త స్ప్రింగుకు 36 మి.మీ. ఖాళీ ఏర్పడుతుందని లెక్క తేలింది. అందుకే దాని కింద 5 మి.మీ. తీగతో నాలుగు చుట్ల చిన్న హెల్పర్ స్ప్రింగు పెట్టించాను. కారు బరువు కింద అది పూర్తిగా మూసుకుపోయి 20 మి.మీ. మందం బిళ్ళలా ఉంటుంది. చక్రం వేలాడినప్పుడు 60 మి.మీ. దాకా తెరుచుకుని పెద్ద స్ప్రింగును దాని సీటుకే అదిమి పట్టి ఉంచుతుంది. బంప్ స్టాపులను మూడింట ఒక వంతు కోసి, అంచులు గుండ్రంగా రుద్దాను.

వెనక వైపు లాటరల్ రాడ్ దగ్గర నేను చేసిన తప్పు నన్ను చాలాకాలం బాధించింది. ఆ రాడ్డు ఒక చివర బాడీకి, ఇంకో చివర యాక్సిల్‌కు బిగించి ఉంటుంది. కంపెనీ ఎత్తులో యాక్సిల్ వైపు చివర 60 మి.మీ. కిందికి వాలి ఉంది, దించాక 25కు వచ్చింది. వాలు తగ్గినప్పుడు 750 మి.మీ. రాడ్డు యాక్సిల్‌ను 2 మి.మీ. పక్కకు నెడుతుంది. రెండు చక్రాల దగ్గరా చూస్తే తేడా 4 మి.మీ. కావాలి. తూకపు గుండు వేలాడదీసి కొలిస్తే 9 వచ్చింది. మిగిలిన 5 ఎప్పుడో జరిగిన డెంటింగ్ పని మిగిల్చింది కావచ్చు. ఈ రెండింటినీ ఒకేసారి సరిచేయాలంటే పొడవు మార్చుకోగలిగిన రాడ్డు కావాలి. 25 మి.మీ. సీమ్‌లెస్ పైపు, రెండు చివరల ఈఎన్8 రకం ఉక్కుతో చేసిన బాస్‌లు (మర కోసిన దిమ్మెలు), ఒకవైపు కుడి మర, ఇంకోవైపు ఎడమ మర. పైపును పానాతో తిప్పితే రెండు చివరలూ ఒకేసారి లోపలికో బయటికో జరుగుతాయి. రాడ్డు చివరి కన్నాల్లో కంపెనీ రబ్బరు బుష్‌లనే ఉంచాను. ఇనప బాల్ ఉండే రోజ్ జాయింట్లు మన దుమ్ములో ఏడాది కూడా నిలవవు.

మొదటి రాడ్డును వెల్డింగ్ చేసిన చోట బాస్‌ను పైపు మూతికి ఎదురెదురుగా ఆనించి, చుట్టూ ఒక వరస లాగి ఇచ్చారు. పైకి నున్నగా, అందంగా ఉంది. నేను లోపలి సంగతి అడగలేదు, అడగవలసింది. రెండు నెలల తరువాత కనకదుర్గ వారధి మీద తాడేపల్లి వైపు వెళ్తుంటే వంతెన ప్రతి జాయింట్ దగ్గరా వెనకనుంచి టక్కుమని ఒక చప్పుడు వినిపించసాగింది. ఇంటికి వచ్చి జాక్ ఎత్తి, రాడ్డు విప్పి, పగుళ్ళలోకి దిగి వాటిని బయటపెట్టే ఎర్ర రంగు డై పెనిట్రెంట్ కొట్టి, పది నిమిషాలాగి తుడిచి, తెల్ల డెవలపర్ చల్లాను. తెల్లటి పొర మీద వెల్డింగ్ అంచు వెంట వెంట్రుకంత ఎర్రగీత మెల్లగా ఉబికి, చూస్తుండగానే పైపు చుట్టుకొలతలో మూడో వంతు దాకా పాకింది. అది పూర్తిగా విరిగి ఉంటే వంద దగ్గర వెళ్తున్న కారు వెనక యాక్సిల్ పక్కకు జరిగిపోయేది. కారులో ఆ రోజు మా అమ్మగారు ఉన్నారు.

రెండో రాడ్డుకు బాస్‌ను మెట్టుగా తిప్పించి, 25 మి.మీ. మేర పైపు లోపలికి దిగేలా చేయించాను. పైపు మూతిని వి ఆకారంలో చెక్కి, అక్కడ ఆర్గాన్ వెల్డింగ్ వేయించి, పైపు గోడకు రెండు రంధ్రాలు పెట్టి వాటిగుండా కూడా లోపలి బాస్‌కు అతుకు వేయించాను. మర 16 మి.మీ. కాబట్టి కనీసం 24 మి.మీ. లోపల పట్టి ఉండాలని గీత పెట్టి, ఆ గీత బయటికి కనిపిస్తే అంతకుమించి విప్పకూడదని గుర్తుంచుకున్నాను. రెండు లాక్ నట్లు బిగించి, నట్టు మీదనుంచి పైపు మీదికి పసుపు పెయింట్ గీశాను. గీత తెగితే నట్టు కదిలినట్టు. ఆర్నెల్ల తరువాత మళ్ళీ అదే ఎర్ర రంగుతో పరీక్షించాను. గీత రాలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం, కానీ నేను దీన్ని చాలా ముఖ్యంగా భావిస్తాను. రబ్బరు బుష్‌లు బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతికి ఉంటాయి. కారు జాక్ మీద, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే, కారు దించగానే ప్రతి బుష్ మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోతుంది. కారు అనుకున్నంత దిగదు, రబ్బరు త్వరగా చిరిగిపోతుంది. బోల్టులన్నీ వదులుగా ఉంచి, కారును నేల మీద నిలబెట్టి, నాలుగు మూలలా ఒకసారి ఊపి, అప్పుడు బిగించాలి. ర్యాంపు ఉన్నచోట ఈ పని అయిదు నిమిషాలది. ఇంటి దగ్గర నాకు ఇటుకల మీద ఎక్కించి చేయడానికి ఒక పూట పట్టింది.

లేత్ మీద చేయించనివి కూడా ఉన్నాయి. చక్రాన్నీ స్టీరింగునూ పట్టి ఉంచే బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, స్టీరింగ్ నకిల్ జోలికి నేను వెళ్ళలేదు. రోల్ సెంటర్‌ను ఇంకా సరిచేయాలంటే బాల్ జాయింట్ కాడను పొడిగించాలి. కంపెనీ ఆ కాడను ఫోర్జింగ్‌లో, అంటే ఉక్కును కాల్చి అచ్చులో కొట్టి, చేస్తుంది. లేత్ మీద కడ్డీ తిప్పి దానికి బదులు పెట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు. అది విరిగితే చక్రం కారును వదిలేస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకే టైర్లు, చక్రాలు, ఇంజను కంపెనీవే ఉంచాను. 2011లో పదిహేనేళ్ళు నిండిన తరువాత అయిదేళ్ళకోసారి ఆర్‌సీని పునరుద్ధరించుకోవలసిన కారు ఇది. పాత ఎత్తుకు చెందిన స్ట్రట్లు, స్ప్రింగులు, లాటరల్ రాడ్ ఒక సెట్టు నూనె రాసి అటక మీద భద్రపరిచాను.

అన్నీ బిగించాక నాలుగు స్టాండ్లు నిలబెట్టి, కారుకు రెండు పక్కలా చేపల గాలం దారం సమాంతరంగా లాగి, చక్రాల టో, అంటే పైనుంచి చూస్తే అవి లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో ఆ కొలత, ఇంట్లోనే చూసుకున్నాను. కారు దించితే టో తప్పకుండా మారుతుంది. అలా వదిలేస్తే వేల కిలోమీటర్లు నడవవలసిన టైరు చాలా ముందే ఒక అంచున అరిగిపోతుంది. మరునాడు అలైన్‌మెంట్ షాపులో మిషన్ మీద పెట్టినప్పుడు ముందు టో నా దారం కొలతకు ఒక మిల్లీమీటరు లోపలే తేలింది. క్యాంబర్, అంటే ముందునుంచి చూస్తే చక్రం నిలువునుంచి వాలిన కోణం, ఎడమ మైనస్ 0.9 డిగ్రీలు, కుడి మైనస్ 0.7 ఉన్నాయి. హెడ్‌లైట్లు కూడా గోడ మీద గీత పెట్టి మళ్ళీ సరిచేశాను.

నాన్నగారు మొన్న ఉదయం స్టీరింగ్ తీసుకుని ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి దాకా నడిపారు. తిరిగి వచ్చాక, "గట్టిగా ఉందిరా, కానీ ఎక్కడికి తిప్పితే అక్కడికే పోతోంది" అన్నారు. వెనక సీటులో ఇద్దరు కూర్చున్నప్పుడు కుడి వెనక బంప్ స్టాప్ ఇంకా ఒకటి రెండు చోట్ల తగులుతోంది. వెనక స్ప్రింగుల కింద పెట్టడానికి 6 మి.మీ. బిళ్ళలు రెండు తిప్పి ఉంచమని బాబాయ్‌కి చెప్పి వచ్చాను, శనివారం తెచ్చుకోవాలి.